వరద తీశాక ఇంట్లో తొందర పనికిరాదు

విజయవాడ: ఇంట్లో నుంచి నీరు తీసిందంటే గండం గడిచినట్లేనని అందరూ అనుకుంటారు. నిజానికి ముంపు తెచ్చే కష్టంలో సగం నీరు తీసిన తరువాతనే మొదలవుతుంది. తడిసిన స్విచ్చి బోర్డు మీద చెయ్యి వేసి ప్రాణం పోగొట్టుకునేవారు, నానిన గోడ కూలి దాని కింద పడేవారు, బురదలో దాగిన పాము కాటుకు గురయ్యేవారు వరద నుంచి బయటపడినవారే. పోగొట్టుకున్న సామాను ఎవరికీ చూపకుండా వీధిలో పారేసి, ఆ తరువాత పరిహారం జాబితాలో పేరు లేదని కార్యాలయాల చుట్టూ తిరిగేవారూ వున్నారు. తడి ఆరకముందే రంగులు వేయించి, ఆరు నెలలు తిరక్కుండానే మళ్లీ ఆ ఖర్చు పెట్టుకునేవారికి లెక్కే లేదు.

ఈ నష్టాలన్నింటికీ కారణం ఒక్కటే. అది తొందర. ముంపు తరువాత చేయవలసిన పనులకు ఒక వరుస వుంది. ముందు ప్రాణానికి ముప్పు తెచ్చే కరెంటు, గ్యాసు, గోడలు చూసుకోవాలి. ఆ తరువాత నష్టానికి రుజువులు పదిలపరచుకోవాలి. ఆ తరువాతే బురద తీయడం, నీటిని శుద్ధి చేసుకోవడం, సామాను ఆరబెట్టడం. మరమ్మతులు, రంగులు అన్నింటికన్నా చివర. ఇల్లు చేరగానే చీపురు పట్టుకోవడం సహజమే కాని, ఆ చీపురు వంతు వచ్చేది మూడో పనిగా మాత్రమే.

బుడమేరు చెప్పిన పాఠం

మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటిలో కలిసే బుడమేరును విజయవాడ దుఃఖదాయని అని ఈ ప్రాంతం వారు ఎప్పటి నుంచో అంటున్నారు. 2005లోనూ అది నగరాన్ని ముంచింది. 2024 ఆగస్టు 31న కురిసిన కుండపోతకు మరునాడు, అంటే సెప్టెంబరు 1న, సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం, వాంబే కాలనీ, జక్కంపూడి ప్రాంతాలు నీట మునిగాయి. బుడమేరు మళ్లింపు కాల్వకు పడిన మూడు గండ్లలో చివరిదాన్ని సెప్టెంబరు 7న గాని పూడ్చలేకపోయారు. ఆ పనికి సైన్యం కూడా దిగవలసి వచ్చింది. అదే సమయంలో కృష్ణలో ప్రకాశం బ్యారేజి వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద నడిచింది. పల్లపు వీధుల్లో వారం దాటినా నీరు తొలగలేదు.

ఈ వారం రోజులన్నది ముఖ్యమైన విషయం. గంట రెండు గంటలు నీరు నిలిచిన ఇంటికీ, వారం రోజులు నానిన ఇంటికీ ఎంతో తేడా వుంది. వారం నానిన ఇటుక గోడ లోపలి దాకా నీరు పీల్చుకుంటుంది. పైగా బుడమేరు నీటిలో మురుగు కాల్వల నీరు, మరుగుదొడ్ల నీరు కలిసి వచ్చాయి. కనుక ఆ బురదను పొలం బురదగా భావించరాదు. భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరిన 1986 ఆగస్టులో గాని, తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచిన 2009 అక్టోబరులో గాని, గోదావరి మళ్లీ 71 అడుగులు దాటిన 2022 జూలైలో గాని గృహస్థులకు ఎదురైన చిక్కులు ఇవే. ఊరు మారినా చేయవలసిన పనుల వరుస మారదు.

గడప దాటే ముందు

ముంపు ఇంటికి వెలుగు వుండగా పగటిపూట వెళ్లాలి. ఒంటరిగా వెళ్లరాదు. పిల్లలను, గర్భిణులను, పెద్దవారిని మొదటి రోజు తీసుకుపోకపోవడం మంచిది. కాళ్లకు రబ్బరు బూట్లు గాని, కనీసం గట్టి అడుగున్న చెప్పులు గాని వుండాలి. చేతిలో పొడవాటి కర్ర వుండాలి. నీరు నిలిచిన చోట ముందు కర్రతో పొడిచి చూసి గాని అడుగు వేయరాదు. మ్యాన్‌హోళ్ల మూతలు వరదకు లేచిపోయి వుంటాయి.

లోపలికి పోకముందు ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. గోడ ఒక పక్కకు ఒరిగిందా, మూలల్లో కొత్త పగుళ్లు వచ్చాయా, పునాది కింద మట్టి కోసుకుపోయిందా, పైకప్పు కుంగిందా అన్నది గమనించండి. తలుపు ఎంత తోసినా రాకపోతే చెక్క ఉబ్బి వుండవచ్చు, లేదా పైన దూలం దిగి వుండవచ్చు. దూలం దిగిందన్న అనుమానం వుంటే తలుపును బలవంతంగా తన్నరాదు. మట్టి గోడలు, మట్టి అడుసుతో కట్టిన ఇటుక గోడలు నీటిలో వున్నప్పటికన్నా నీరు తీసి ఎండ కాసిన తరువాతనే ఎక్కువగా కూలుతాయి. అటువంటి ఇళ్లలో ఇంజనీరు గాని, అనుభవమున్న మేస్త్రీ గాని చూసి సరేననే వరకు రాత్రి నిద్ర చేయరాదు. ప్రహరీ గోడల పక్కన పిల్లలను ఆడుకోనివ్వరాదు.

కరెంటుతో చెలగాటం వద్దు

వీధిలో కరెంటు వచ్చిందని తెలియగానే మన ఇంట్లో లైటు వెలుగుతుందేమోనని స్విచ్చి నొక్కి చూడటం ప్రతివారూ చేసే పని. ఇంతకన్నా ప్రమాదకరమైన పని మరొకటి లేదు. గోడలో పైపుల గుండా పోయే తీగల్లోనూ, స్విచ్చి బోర్డుల వెనుక పెట్టెల్లోనూ నీరు రోజుల తరబడి నిలిచి వుంటుంది. గోడ కూడా తడిగా వుంటుంది గనుక స్విచ్చి ముట్టకపోయినా, గోడకు చెయ్యి ఆనించినా షాకు తగలవచ్చు.

మెయిన్ స్విచ్చి పొడి నేల మీద నిలబడి చేరగలిగిన చోట వుంటేనే దానిని ఆపు చేయాలి. నీటిలో నిలబడి గాని, తడి చేత్తో గాని ముట్టరాదు. అందని చోట వుంటే విద్యుత్ శాఖ నంబరు 1912కు ఫోను చేసి, స్తంభం వద్దనే ఇంటి సర్వీసు తీగను తీసివేయమని అడగాలి. వీధిలో తెగిపడిన తీగ కనబడితే దాని దరిదాపులకు పోరాదు. అదే నంబరుకు తెలియజేయాలి.

ఆ తరువాత లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి బోర్డులన్నీ విప్పించి, లోపలి నీరు తుడిపించి, ఆరనిచ్చి, మెగ్గర్‌తో తీగలను పరీక్ష చేయించాలి. మునిగిన స్విచ్చిలు, ఫ్యూజులు, ఎం.సి.బి.లు మార్చవలసిందే. ఎండబెట్టినంత మాత్రాన వాటిని నమ్మరాదు. ఎర్తింగు సరిగా వున్నదీ లేనిదీ చూడమని ప్రత్యేకంగా అడగండి. ఇన్వర్టరు వున్న ఇళ్లలో మరో ముప్పు వుంది. వీధి కరెంటు లేకపోయినా బ్యాటరీలో కరెంటు వుంటుంది. మెయిన్ ఆపాము కదా అని ఇన్వర్టరును మరచిపోరాదు.

గ్యాసు సిలిండరు

వరదలో సిలిండరు తేలి దొర్లుతుంది. రబ్బరు గొట్టం ఊడటం, రెగ్యులేటరులో బురద చేరడం మామూలే. ఇంట్లోకి వెళ్లగానే ముందు తలుపులు, కిటికీలు బార్లా తెరవండి. వాసన వస్తే అగ్గిపుల్ల, లైటరు ముట్టరాదు. స్విచ్చి నొక్కరాదు. వెంటనే బయటికి వచ్చి 1906 నంబరుకు ఫోను చేయాలి. గ్యాసు లీకేజీకి ఈ నంబరు 24 గంటలూ పని చేస్తుంది. వాసన లేకపోయినా మునిగిన గొట్టాన్ని, రెగ్యులేటరును ఏజెన్సీ వారి చేత మార్పించుకుని, స్టవ్వు బర్నర్లు విప్పి కడిగి ఆరబెట్టిన తరువాతే వంట మొదలుపెట్టాలి.

పాములు, తేళ్లు

వరదకు పుట్టలు, కన్నాలు నిండిపోవడంతో పాములు పొడి చోటు వెతుక్కుంటూ ఇళ్లలో చేరతాయి. అటకలు, బీరువా వెనుక భాగం, పరుపుల మడతలు, కట్టెల మోపులు, పేర్చిన ఇటుకలు వాటికి ఇష్టమైన చోట్లు. కృష్ణా తీరంలో నాగుపాము, కట్లపాము, రక్తపింజర మూడూ వున్నాయి. ఏ వస్తువునైనా ముందు కర్రతో కదిపి, ఆ తరువాతే చేత్తో ముట్టాలి. కొన్నాళ్లపాటు నేల మీద పడుకోరాదు. మంచం మీద, దోమతెర కట్టుకుని అంచులు పరుపు కింద దోపుకుని పడుకోవాలి. కట్లపాము రాత్రిపూట నిద్రలో వున్నవారిని కాటు వేస్తుంది. నొప్పి పెద్దగా వుండకపోవడంతో సంగతి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

కాటు పడితే గాయాన్ని కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం పనికిరాదు. మంత్రాలకు, పసర్లకు కాలం వృథా చేయరాదు. కాటు పడిన కాలు గాని చెయ్యి గాని కదలకుండా వుంచి, 108ని పిలిచి, విషానికి విరుగుడు మందు వుండే ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి.

ముందు ఫోటో, తరువాత చీపురు

ప్రాణభయం లేదని తేలిన తరువాత చేయవలసిన మొదటి పని ఫోటోలు తీయడం. గోడ మీద నీరు నిలిచిన గుర్తు కనబడేలా, దాని పక్కన టేపు గాని, కొలత తెలిసిన వస్తువు గాని పెట్టి ఫోటో తీయండి. ప్రతి గదిని నాలుగు మూలల నుంచి తీయండి. ఫ్రిజ్, టీవీ, వాషింగ్ మెషీన్, కుట్టు మిషను, మోటారు వంటి వాటికి విడిగా, కంపెనీ పేరు, నంబరు కనబడేలా తీయండి. వస్తువు పేరు, కొన్న సంవత్సరం, కొన్న ధర ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. పారవేయక తప్పని పరుపుల వంటివి పారేసే ముందు ఫోటో తీసి, గుడ్డ ముక్క ఒకటి కత్తిరించి వుంచుకోవచ్చు.

దీని విలువ లెక్కల సిబ్బంది వచ్చిన రోజున తెలుస్తుంది. 2024 వరదల తరువాత ప్రభుత్వం ముంపు ఇళ్లలో కింది అంతస్తుకు రూ. 25 వేలు, మొదటి అంతస్తు, ఆపైన వున్నవారికి రూ. 10 వేలు చొప్పున సాయం ప్రకటించింది. అంటే ఎవరు ఏ అంతస్తులో వున్నారు, నీరు ఎంత వరకు వచ్చింది అన్నదాని మీదనే డబ్బు ఆధారపడింది. లెక్కలు రాసేవారు వచ్చేసరికి ఇల్లు కడిగి సున్నం వేసి, తలుపుకు తాళం పెట్టుకుని బంధువుల ఊరికి పోతే ఆ ఇల్లు జాబితాకు ఎక్కడం కష్టం. ఇంట్లో కనీసం ఒకరైనా వుండాలి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ నకళ్లు దగ్గర వుంచుకోవాలి. మీ వివరాలు ఎలా రాశారో అడిగి చూసుకోవాలి. అద్దెకున్నవారు తమ సామాను జాబితాను తమ పేరు మీదనే రాయించుకోవాలి. గోడలు ఇంటి యజమానివైనా, మంచం, బియ్యం అద్దెకున్నవారివే గదా!

బీమా వున్నవారు నీరు తీసిన వెంటనే కంపెనీకి తెలియజేసి, క్లెయిము నంబరు తీసుకోవాలి. సర్వేయరు వచ్చి చూసేవరకు పెద్ద వస్తువులు పారవేయరాదు, మరమ్మతు చేయించరాదు. అంతలోగా నష్టం పెరగకుండా ఆరబెట్టడం వంటివి చేయవచ్చు. అందుకైన ఖర్చుల బిల్లులు దాచుకోవాలి.

వాహనాల విషయంలో ఒక హెచ్చరిక. మునిగిన మోటారు సైకిలును గాని, కారును గాని స్టార్టు చేసి చూడరాదు. ఇంజనులోకి నీరు పోయి వుంటే ఒక్కసారి స్టార్టరు నొక్కడంతోనే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. చిన్న ఖర్చుతో పోయేది ఇంజను మార్చేదాకా వస్తుంది. అలా చెడిన ఇంజనుకు డబ్బు ఇవ్వబోమని బీమా కంపెనీలు చెప్పే అవకాశమూ వుంది. బ్యాటరీ తీగ విప్పి, వాహనాన్ని లాగించుకుపోయి మెకానిక్‌కు అప్పగించాలి.

బురద తడి ఆరకముందే

ఇప్పుడు పార, తట్ట, చీపురు వంతు. ఇందులో మాత్రం ఆలస్యం పనికిరాదు. ఒండ్రు తడిగా వున్నప్పుడు పారతో తేలికగా వస్తుంది. రెండు రోజులు ఎండితే గచ్చుకు అతుక్కుని రాయిలా తయారవుతుంది. గోడలను పై నుంచి కిందికి, గదులను లోపలి మూల నుంచి గుమ్మం వైపుకు కడుగుతూ రావాలి. తీసిన బురదను వీధి కాల్వలోకి తోయరాదు. కాల్వ పూడితే తరువాతి వానకు అదే బురద తిరిగి మన ఇంట్లోకే వస్తుంది. రోడ్డు పక్క కుప్ప వేస్తే మునిసిపల్ సిబ్బంది ఎత్తుకుపోతారు. 2024లో విజయవాడలో వీధులు, ఇళ్లు కడగడానికి ఫైరింజన్లనే దింపారు. అటువంటి సాయం వచ్చినప్పుడు గొట్టంతో కొట్టే నీటిని స్విచ్చి బోర్డుల మీద పడకుండా చూసుకోవాలి.

సబ్బు నీటితో కడిగిన తరువాతే బ్లీచింగు వాడాలి. బురద మీద బ్లీచింగు చల్లితే దాని బలం బురదకే సరిపోతుంది, క్రిములు చావవు. లీటరు నీటికి రెండు చెంచాల బ్లీచింగు పౌడరు కలిపి, తేటను మాత్రమే తీసుకుని నేల, గోడల కింది భాగం తుడిచి, పావుగంట తరువాత మంచి నీటితో కడగాలి. చేతికి తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి.

ఇక్కడ ఇల్లాళ్లు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను బ్లీచింగుతో ఎన్నడూ కలపరాదు. ఒకటి పోసిన చోట వెంటనే రెండోది పోయరాదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న మరుగుదొడ్డిలో అది ఊపిరితిత్తులను దెబ్బ తీస్తుంది.

సెల్లారు, సెప్టిక్ ట్యాంకు

అపార్టుమెంట్లలో సెల్లారు నిండితే పెద్ద మోటారు పెట్టి ఒక్క పూటలో తోడేయాలని తొందరపడతారు. బయటి నేల ఇంకా నీటితో నిండి వుండగా లోపలి నీటిని ఒక్కసారిగా తీసివేస్తే, బయటి నుంచి నేల, నీరు తోసే బరువుకు గోడ లోపలికి కూలవచ్చు. వీధిలో నీరు తీసిన తరువాతే తోడటం మొదలుపెట్టి, రోజుకు మూడో వంతుకు మించకుండా తీయడం క్షేమం. డీజిలు ఇంజనును, జనరేటరును సెల్లారు లోపల పెట్టి నడపరాదు. దాని పొగలోని విషవాయువుకు వాసన వుండదు. మనిషి తెలియకుండానే పడిపోతాడు.

సెప్టిక్ ట్యాంకును కూడా నేల తడి తగ్గే వరకు పూర్తిగా ఖాళీ చేయించరాదు. చుట్టూ నీరున్న నేలలో ఖాళీ ట్యాంకు పైకి లేచే ప్రమాదం వుంది. ఎటువంటి పరిస్థితిలోనూ మనిషిని ట్యాంకులోకి దింపరాదు. అందులో విషవాయువులకు ఒకరి వెనుక ఒకరుగా ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు ఎన్నో వున్నాయి. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని దింపి శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం కూడా.

తాగే నీరు

సంపు, బావి, ఓవర్‌హెడ్ ట్యాంకు మునిగినా, వాటి మూత మీదుగా వరద పోయినా, ఆ నీరు తేటగా కనబడినంత మాత్రాన తాగరాదు. మొదటి రోజుల్లో ట్యాంకరు నీటిని, సీలు వేసిన నీటిని వాడటం మేలు. అది దొరకనప్పుడు నీటిని గుడ్డతో వడగట్టి, తెర్లకాగిన తరువాత కూడా కొన్ని నిమిషాలు మరగనిచ్చి, మూత పెట్టి చల్లార్చుకోవాలి. కాచే వీలు లేకపోతే క్లోరిన్ మాత్రలు వాడాలి. అర గ్రాము మాత్ర ఒకటి 20 లీటర్లకు సరిపోతుంది. మాత్ర కరిగిన తరువాత అరగంట ఆగి తాగాలి. పటిక గాని, ఇండుప గింజ గాని అరగదీస్తే మట్టి పేరుకుని నీరు తేరుకుంటుంది. అంతవరకే దాని ప్రయోజనం. క్రిములు చావాలంటే కాచడమో, క్లోరినో వుండవలసిందే.

సంపును ముందు పూర్తిగా తోడి, అడుగు బురద తీసి, గోడలు గీకి కడగాలి. మంచి నీరు నింపి, ప్రతి వెయ్యి లీటర్లకు 150 నుంచి 200 గ్రాముల బ్లీచింగు పౌడరు చొప్పున కలిపి ఒక రోజు నిలవ వుంచాలి. ఈ నీటిని కుళాయిల గుండా కూడా కొంత వదిలితే గొట్టాలు శుభ్రపడతాయి. తరువాత అంతా పారబోసి, మళ్లీ కడిగి, కొత్త నీరు పట్టుకోవాలి. ఆ ఘాటు నీరు తాగడానికి ఎంతమాత్రం పనికిరాదు.

బావిని కూడా తోడి శుభ్రం చేసిన తరువాత ఊరిన నీటికి రోజువారీ మోతాదు వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాములు. రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల నీరు వున్న గుండ్రని బావిలో సుమారు 9,400 లీటర్లు వుంటాయి. దానికి 24 గ్రాములు కావాలి. పౌడరును నేరుగా చల్లకుండా ముందు కొద్ది నీటితో ముద్దగా కలిపి, బకెట్టు నీటిలో పోసి, పది నిమిషాలకు సున్నం అడుగుకు దిగాక పై తేటను మాత్రమే బావిలో కలపాలి. గంట తరువాత నీరు తోడుకోవచ్చు. క్లోరిన్ సరిపోయిందో లేదో ఆరోగ్య కార్యకర్తల వద్ద వుండే పరికరంతో పరీక్ష చేయించుకోవాలి.

వంటింట్లో ఏది వుంచాలి?

వరద నీరు తాకిన బియ్యం, పప్పులు, పిండి, కారం, కూరగాయలు పారవేయవలసిందే. ఊరగాయ జాడీకి వాసెన గుడ్డ కట్టి వుంది గదా అని ఆశపడరాదు. నీటిలో మునిగిన జాడీ గుడ్డ గుండా మురుగు లోపలికి పోతుంది. ఏడాది పచ్చడి పారబోయడం ఏ ఇల్లాలికైనా కష్టమే గాని, దానితో తెచ్చుకునే వాంతులు, విరేచనాలు అంతకన్నా కష్టం. సీలు చెదరని రేకు డబ్బాలను మాత్రం సబ్బుతో, తరువాత బ్లీచింగు నీటితో కడిగి వాడుకోవచ్చు. స్టీలు, ఇత్తడి గిన్నెలు కడిగి, మరిగే నీటిలో వేసి తీస్తే చాలు. చెక్క గరిటెలు, పాలసీసాల రబ్బరు పీకలు, పగుళ్లున్న ప్లాస్టిక్ డబ్బాలు వదులుకోవాలి. తడిసిన మందులు, కరెంటు లేక వేడెక్కిన ఫ్రిజ్‌లో వుండిపోయిన ఇన్సులిన్ వాడరాదు.

కాగితాలు, నోట్లు

తడిసిన దస్తావేజులను ఎర్రటి ఎండలో పెడితే కాగితం ముడుచుకుని పెళుసెక్కుతుంది. బురద వుంటే మంచినీటిలో మెల్లగా ముంచి తీసి, నీడలో గాలి తగిలే చోట తెల్ల గుడ్డ మీద పరచాలి. అతుక్కున్న పేజీలను బలవంతంగా విడదీయరాదు. కొద్దిగా ఆరిన కొద్దీ ఒక్కొక్కటిగా విడదీసి, మధ్య మధ్య అచ్చు లేని కాగితం పెట్టాలి. ఫోటోలను నీటితో కడిగి, బొమ్మ పైకి వుండేలా ఆరబెట్టాలి.

పూర్తిగా పాడైనా దిగులు అక్కరలేదు. రిజిస్టరయిన దస్తావేజుకు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ధ్రువీకరించిన నకలు దొరుకుతుంది. పదో తరగతి సర్టిఫికెట్టుకు చదివిన పాఠశాల ద్వారా డూప్లికేటుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. చిరిగిన, తడిసిన నోట్లను రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం బ్యాంకులు మార్చి ఇస్తాయి.

పరుపులు, ఫ్రిజ్‌లు, మోటార్లు

మురుగు నీరు తాగిన దూది పరుపులు, దిండ్లు, సోఫాల లోపలి స్పాంజి ఎంత ఎండబెట్టినా లోపల బూజు పడుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది. ఉబ్బసం వున్నవారికి, పసిపిల్లలకు అది హాని చేస్తుంది. దుస్తులు, దుప్పట్లను వేడి నీటిలో సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేస్తే పనికివస్తాయి. టేకు, వేప చెక్క సామాను నీడలో మెల్లగా ఆరితే చాలావరకు నిలుస్తుంది. ఎండలో పెడితే బీట తీస్తుంది. ఉబ్బిన తలుపును వెంటనే చిత్రిక పట్టించరాదు. ఆరిన తరువాత అది దానంతట అదే తగ్గుతుంది. ముందే చిత్రిక పడితే తరువాత సందు మిగులుతుంది. పొట్టుతో అదిమిన చవక బోర్డుల బీరువాలు మాత్రం ఒకసారి ఉబ్బితే తిరిగి కోలుకోవు.

ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మోటారు వంటివి మునిగినా చాలా సందర్భాలలో బాగవుతాయి, అయితే తడిగా వుండగా కరెంటు ఇవ్వకపోతేనే! ఫ్రిజ్ కంప్రెసరు లోపలికి సాధారణంగా నీరు పోదు. రిలే, థర్మోస్టాట్ వంటి భాగాలు మార్చితే సరిపోవచ్చు. మోటారు విప్పించి చుట్టలు ఆరబెట్టిస్తే రీవైండింగు ఖర్చు తప్పవచ్చు. ఒకసారి కరెంటు ఇచ్చి కాల్చుకున్న తరువాత మెకానిక్ చేయగలిగింది తక్కువ.

రంగులకు తొందర వద్దు

పండుగ దగ్గరికి వస్తోందని, చుట్టాలు వస్తారని గోడలకు వెంటనే రంగు వేయించడం మనవారికి అలవాటు. తడి గోడ మీద ఆయిలు పెయింటు, ప్లాస్టిక్ ఎమల్షను వేస్తే లోపలి తడికి దారి మూసినట్లే. కొద్ది నెలల్లో రంగు బొబ్బలెక్కి, పెచ్చులుగా ఊడుతుంది. వారం రోజులు నానిన తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఆరడానికి వారాలు కాదు, కొన్ని నెలలే పట్టవచ్చు.

గోడ ఆరిందో లేదో తెలుసుకోవడానికి సులభమైన పరీక్ష ఒకటుంది. అడుగు చదరం పలచని ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు పెట్టి నాలుగు అంచులా టేపు అంటించండి. ఒకటి రెండు రోజుల తరువాత చూడండి. కాగితం లోపలి వైపు చెమ్మ బిందువులు కనబడితే గోడ ఇంకా ఆరలేదని అర్థం. ఈలోగా కిటికీలు తెరిచి, ఎలక్ట్రీషియన్ సరేనన్న తరువాత ఫ్యాన్లు వేసి వుంచాలి. బీరువాలు, మంచాలు గోడకు జానెడు దూరంగా జరపాలి. గుల్ల బారిన ప్లాస్టరింగును తట్టి చూసి కొట్టివేయాలి. ఆరుతున్న గోడ మీద తెల్లని ఉప్పు పొంగితే నీటితో కడగరాదు. కడిగితే ఆ ఉప్పు తిరిగి గోడలోకే పోతుంది. పొడి బ్రష్షుతో రుద్ది దులపాలి. అంతవరకు ఇల్లు కళగా కనబడాలంటే సున్నం వేయించుకోవచ్చు. సున్నం గుండా తడి బయటికి పోతుంది, ఖర్చూ తక్కువ.

జ్వరం వస్తే

ఎలుకల మూత్రం కలిసిన నీటిలో, బురదలో తిరిగినవారికి లెప్టోస్పైరోసిస్ సోకే అవకాశం వుంది. సాధారణంగా వారం, రెండు వారాలలో తీవ్రమైన జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడటం కనిపిస్తాయి. అశ్రద్ధ చేస్తే కామెర్లు, మూత్రపిండాల దాకా పోతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు వరద నీటిలో తిరిగిన సంగతి తప్పక చెప్పాలి. ఆ ఒక్క మాటతో రోగం త్వరగా తెలుస్తుంది. కాలికి మేకు, గాజు గుచ్చుకుంటే ధనుర్వాతం ఇంజక్షను చేయించుకోవాలి. పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, కుండీలలో నిలిచిన నీటిని వారానికొకసారి పారబోస్తే డెంగీ దోమ పెరగదు. విరేచనాలు పట్టుకుంటే కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగిస్తూ ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మళ్లీ వరద వచ్చేలోగా

మరమ్మతులు ఎలాగూ తప్పవు గనుక, వాటిని వచ్చే వరదను దృష్టిలో పెట్టుకుని చేయించుకుంటే అదనపు ఖర్చు పెద్దగా వుండదు. స్విచ్చి బోర్డులను, మీటరును ఈసారి నీరు నిలిచిన గుర్తుకు పైన పెట్టించండి. కింది గదులకు, పై గదులకు వేరువేరు ఎం.సి.బి.లు, షాకు కొట్టకుండా తక్షణం కరెంటు ఆపే ఆర్.సి.సి.బి. అమర్చుకోండి. నీరు వచ్చిన ఎత్తును గడప పక్క గోడ మీద చెరగని రంగుతో గీసి, తేదీ వేసి వుంచండి. ఇంటి దస్తావేజులు, సర్టిఫికెట్లు ఒకే ప్లాస్టిక్ సంచిలో, అటక మీద గాని, చేతికందే ఎత్తులో గాని వుండాలి. వాటి ఫోటోలు వేరే ఊళ్లో వున్న బంధువుకు పంపి వుంచండి.

ఇంటి బీమాను మన ప్రాంతంలో ఇప్పటికీ కొద్దిమందే చేయిస్తున్నారు. 2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా కంపెనీలు భారత్ గృహ రక్ష అనే ఒకే తరహా పాలసీని ఇస్తున్నాయి. అందులో వరద ముంపు కూడా చేరి వుంది. భవనానికి బీమా చేస్తే, ఆ మొత్తంలో 20 శాతం మేరకు, గరిష్ఠంగా రూ. 10 లక్షల వరకు ఇంట్లోని సాధారణ సామానుకు కూడా వర్తిస్తుంది. అద్దెకున్నవారు సామానుకు మాత్రమే తీసుకోవచ్చు. వాన మబ్బు పట్టిన రోజున గాక, ఎండలు కాసే రోజుల్లోనే దీని సంగతి చూసుకోవాలి.

బుడమేరు గట్లను బలపరచడం, కాల్వలకు అడ్డం తీయడం ప్రభుత్వం చేయవలసిన పని. దానిని అడిగే హక్కు అందరికీ వుంది. ఇంటి లోపలి పని మాత్రం గృహస్థులదే. ఈ కాగితాన్ని కత్తిరించి, మీ దస్తావేజుల సంచిలోనే వేసి వుంచండి. అవసరం రాకపోతే సంతోషమే. వచ్చిన రోజున మాత్రం ఫోను నంబర్లు వెతుక్కునే వ్యవధి వుండదు. కరెంటుకు 1912, గ్యాసుకు 1906, అంబులెన్సుకు 108, ఏ ఆపదకైనా 112.